చెల్లని చెక్కు – చేరువ న్యాయస్థానము
(ఒక చారిత్రక పరిశీలనము)



వర్తకునకు మూలధనము రెండు విధములు. పెట్టెలోని రొక్కము మొదటిది. బజారులోని పరపతి రెండవది. మొదటిది పోయినను రెండవది నిలిచియున్నచో వర్తకుడు మరల తలయెత్తగలడు. రెండవదియే పోయినచో మొదటిది ఎంత యున్నను కరగిపోవుటకు ఎక్కువకాలము పట్టదు. ఈ రెండింటిని ఒక్కసారిగా గాయపఱచగల చిన్న కాగితపు ముక్క యొకటి కలదు. అది బ్యాంకునుండి "ఖాతాలో నిలువ చాలదు" అను చీటితో తిరిగివచ్చిన చెక్కు. అంగడి నడపుకొనువారిలోను, సరకు అరువిచ్చువారిలోను, ఆ చీటిని ఎన్నడును చూడనివారు అరుదు. చూచిన వెంటనే ఏమి చేయవలయునో ఎఱిగినవారు అంతకంటె అరుదు.

కావున ఈ వార్షిక సంచికయందు చెక్కు చరిత్రమును, అది చెల్లనపుడు మన ఊరి న్యాయస్థానము చేయగల సాహాయ్యమును యథాశక్తి విన్నవింపదలచితిని. ఈ చరిత్రమంతయు పరిశీలించినచో ఒక్క సత్యము తేటపడును. వ్రాతపూర్వకమైన మాటకు బలము కాగితమువలన రాదు. ఆ మాటను నిలబెట్టు న్యాయము ఎంత చేరువలో నున్నదో, ఎంత త్వరగా దొరకునో, దానివలన వచ్చును.

పూర్వకాలపు పత్రములు, తీర్పరులు

మన ధర్మశాస్త్రములు ఋణవ్యవహారమును మిక్కిలి శ్రద్ధతో విచారించినవి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడింటిని ప్రమాణములుగా పేర్కొనినది. ఋణస్థుడు కొంత కొంతగా తీర్చునపుడు ఆ చెల్లింపును పత్రము వెనుకనే వ్రాయవలయుననియు, అప్పు పూర్తిగా తీరినపిదప ఆ పత్రమును చింపివేయవలయును లేక విడుదల పత్రమును వ్రాయింపవలయుననియు అందు విధి కలదు. తీరిన అప్పు తాలూకు చెక్కును తిరిగి పుచ్చుకొనక మఱచిపోయి, పిమ్మట చిక్కులపాలగు నేటి మనుజునకు ఈ ప్రాచీనవిధి ఎంత ఉపయుక్తమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారముగా గొని, 13వ శతాబ్దియందు మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో ధర్మశాస్త్రమును రచించెను. వ్యవహారధర్మము తెలుగువారికి తెలుగున అందుట నేటి మాట గాదు.

అదే స్మృతి తీర్పరులనుగూర్చియు ఒక క్రమమును చెప్పినది. కులములు, శ్రేణులు, పూగములు, రాజు నియమించిన అధికారులు, ఇవి క్రమముగా ఒకదానికంటె ఒకటి పైమెట్టు న్యాయసభలు. శ్రేణి యనగా ఒకే వృత్తివారి కూటమి. అనగా వర్తకుని తగవు మొదట వర్తకమును ఎఱిగినవారి సమక్షమునకే వచ్చెడిది. తెలుగు శాసనములలో కనవచ్చు నకరములు వర్తకుల కూటములే. ధర్మము తెలిసినవాడు దగ్గఱ నుండుట, మాట తప్పినవానిని ఊరివారందఱు ఎఱిగియుండుట, ఇవియే ఆనాటి న్యాయమునకు బలము.

రాజును వర్తకునకు మాట యిచ్చిన సందర్భము మనదేశమున లేకపోలేదు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దియందు మోటుపల్లి రేవున అభయశాసనమును వేయించి, ఓడలు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును మునుపటివలె అపహరింపక, సుంకము మాత్రమే గొని వర్తకులకే విడిచిపెట్టుదునని ప్రకటించెను. నమ్మకము లేనిచోట నావ నిలువదని ఆ ప్రభువు గ్రహించెను.

హుండీల కాలము

దూరదేశములతో వర్తకము పెరుగగా రొక్కమును మూటగట్టి దారిదోపిడుల నడుమ మోసికొనిపోవుట అసాధ్యమయ్యెను. అపుడు హుండీ పుట్టినది. ఒక పట్టణపు షరాబు మఱియొక పట్టణమునందలి తన ప్రతినిధికి, "ఈ చీటి తెచ్చినవారికి ఇంత సొమ్ము ఇవ్వవలయును" అని వ్రాసి యిచ్చు ఉత్తరువు అది. చూపినవెంటనే చెల్లవలసినది దర్శనీ హుండీ. గడువు తీరినపిదప చెల్లవలసినది ముద్దతు హుండీ. షాజోగ్ హుండీని బజారున పేరుగల సాహుకారునకు మాత్రమే చెల్లింపవలయును. అది దొంగహుండీ యని పిమ్మట తేలినచో, సొమ్ము పుచ్చుకొన్న ఆ సాహుకారే దానిని తిరిగి యిచ్చుకొనవలయును. సరకు క్షేమముగా చేరినపుడే చెల్లవలసినది జోఖిమీ హుండీ.

హుండీ పోయినచో పేఠు అను రెండవ ప్రతియు, అదియు పోయినచో పరపేఠు అను మూడవ ప్రతియు వ్రాసి యిచ్చెడివారు. హుండీ చెల్లకపోయినచో ఏమి గతి? అందులకును వారు ఉపాయము నేర్పఱచుకొనిరి. "ఈ హుండీని అతడు చెల్లింపనిచో నీవు నా గౌరవమును నిలుపుము" అని అదే ఊరిలోని మఱియొక పెద్దమనిషికి ముందుగనే వ్రాసిన ఉత్తరమును హుండీతోపాటు ఇచ్చెడివారు. దానిని జిక్రీ చీటి యందురు. తిరస్కృతమైన హుండీపై అసలు, వడ్డీలతోపాటు నకరాయి అను పరిహారమును రాబట్టు ఆచారమును ఉండెను. ఇందేదియు ప్రభుత్వశాసనమున పుట్టినది గాదు. హుండీ చెల్లింపని ఇంటికి మఱునాడు బజారులో పేరుండదు. ఆ భయమే పోలీసు, ఆ భయమే న్యాయస్థానము.

ఐనను ఈ పద్ధతికి ఒక పరిమితి కలదు. ఒకరినొకరు ఎఱిగినవారి నడుమనే అది పనిచేయును. పేరు, ఊరు, కులము, గోత్రము తెలియనివారితో రైలుమార్గముల వెంబడి వర్తకము సాగ నారంభించినపుడు బజారుభయము ఒక్కటియే చాలదయ్యెను.

1881 శాసనము, బ్యాంకుల వ్యాప్తి

కంపెనీవారి పాలనలో మద్రాసు రాజధానియందు మన్రో మొదలగువారి ప్రయత్నముచేత 1816లో వెలువడిన రెగ్యులేషనులు గ్రామమునసబులకును, పంచాయతులకును, జిల్లా మునసబులకును సివిలు తగవులను తీర్చు అధికారమిచ్చెను. న్యాయమును గ్రామమునకు చేరువ చేయవలయునను తలంపు అందున్నది. 1888 నాటి మద్రాసు గ్రామన్యాయస్థానముల శాసనము ఆ తలంపునే కొనసాగించినది.

వర్తకపత్రములకు దేశమంతటికిని ఒకే శాసనము కావలయునని 1866లో ముసాయిదా తయారైనది. వర్తకసంఘముల ఆక్షేపణలచే అది పలుమారులు సవరింపబడి, తుదకు 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టమై, 1882 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ప్రామిసరీనోటు, బిల్లు, చెక్కు అను మూడింటి లక్షణములను అది నిర్ణయించినది. దేశభాషలలో వ్రాయబడిన హుండీలవంటి పత్రములకు సంబంధించిన స్థానికాచారములను మాత్రము మొదటి సెక్షనులోనే కాపాడినది. మన షరాబుల సంప్రదాయమునకు అది దక్కిన గౌరవము.

చెక్కునకు నమ్మకము బ్యాంకువలన కలుగును. 1906 అక్టోబరులో మద్రాసునందలి అర్బత్‌నాటు కంపెనీ దివాలా తీయగా, వేలకొలది కుటుంబములు దాచుకొన్న సొమ్ము పోయి కన్నీరు కార్చినవి. ఆ దెబ్బనుండియే 1907లో ఇండియన్ బ్యాంకు వెలసినది. మన ఆంధ్రదేశమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి పూనికచే 1923 నవంబరులో మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకు స్థాపితమైనది. 2020 ఏప్రిలు 1వ తేదీన అది యూనియన్ బ్యాంకునందు విలీనమగువఱకు ఆ పేరు తెలుగువారి ఇంటిపేరువలె వాడుకలో నుండెను. ఇట్టి బ్యాంకులు పట్టణపట్టణమున వెలయుటచే, ముద్రవేసిన కాగితముపై సంతకముచేసి సొమ్ము చెల్లించు అలవాటు మధ్యతరగతి వర్తకునికిని అబ్బినది.

తప్పు ఎవరిది?

చెక్కు తిరిగివచ్చినపుడు మొదట విచారింపవలసిన ప్రశ్న, తప్పు ఎవరిది యని. పొరపాటు ఒక్కొక్కప్పుడు బ్యాంకుదియే కావచ్చును. ఖాతాలో సొమ్ముండగనే లేదని చెక్కును త్రిప్పిపంపినచో, ఆ చెక్కు వ్రాసిన నిరపరాధి బజారున మోసగాడని పేరు పొందును. ఇంగ్లాండు దేశమున 1830లో మార్జెట్టి అను వర్తకుడు తన బ్యాంకరులపై ఇట్టి వ్యాజ్యమే తెచ్చెను. అతడు జమకట్టిన సొమ్ము ఖాతాలో చేరియుండగనే చెక్కును త్రిప్పివేసి, మఱునాడు మరల తేగా చెల్లించిరి. రొక్కరూపమున నష్టము ఋజువుకాకున్నను బ్యాంకు మాట తప్పినది గనుక వ్యాజ్యము చెల్లునని న్యాయాధిపతులు తీర్పుచెప్పిరి. 1854 నాటి రోలిన్ వ్యాజ్యమున, వర్తకుడైనవానికి పరపతిభంగమే నష్టమనియు, ప్రత్యేకముగ లెక్క చూపనక్కఱలేకయే తగిన పరిహారము నీయవచ్చుననియు స్థిరపడెను.

మన 1881 చట్టమునందలి 31వ సెక్షను ఈ ధర్మమునే చెప్పుచున్నది. తగిన నిలువ యుండియు చెల్లింపని బ్యాంకు, చెక్కు వ్రాసిన ఖాతాదారునకు కలిగిన నష్టమును పూరింపవలయును. ఇందొక మెలిక యున్నది. ఈ బాధ్యత చెక్కు వ్రాసినవానికే గాని పుచ్చుకొన్నవానికి గాదు. చెక్కు పుచ్చుకొన్నవాడు కోపముతో బ్యాంకుమీదికి పోవుట వ్యర్థము, వ్రాసినవానిని అడుగవలసినదే. వ్రాసినవాడో, తన ఖాతాలో నిలువ యున్నదని జమాచీటితో చూపగలిగినచో, సివిలు న్యాయస్థానమున బ్యాంకును నిలదీయవచ్చును. 1995లో ఏర్పడిన బ్యాంకింగు అంబుడ్స్‌మన్ పద్ధతివలన ఖాతాదారునకు ఖర్చులేని మఱియొక ద్వారమును తెఱవబడెను.

పెక్కుసార్లు తప్పు చెక్కు వ్రాసినవానిదే. అప్పుడు పూర్వకాలమున రెండే మార్గము లుండెడివి. సివిలు దావా వేసి ఏండ్లకొలది వేచియుండుట ఒకటి. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 37వ ఆర్డరు త్వరితవిచారణకు వీలిచ్చినను, అది అందఱకు అందుబాటులో లేదు. రెండవది, శిక్షాస్మృతిలోని మోసపు నేరము క్రింద ఫిర్యాదు. దీనికి చెక్కు ఇచ్చునాటికే మోసబుద్ధి యున్నట్లు ఋజువు చేయవలయును. మనసులోని మాటను ఋజువు చేయుట ఎవరితరము? కావున మాటతప్పినవాడు నవ్వుచు తిరుగుచుండ, సొమ్ము పోయినవాడు కోర్టుమెట్లు ఎక్కుచుండెను.

1988 సవరణ – 138వ సెక్షను

చెక్కునకు విలువ తెచ్చుటకై పార్లమెంటు 1988లో సవరణచట్టమును చేసి, 138 మొదలు 142 వఱకు గల సెక్షనులను చేర్చెను. ఇవి 1989 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. నిలువ చాలక తిరిగివచ్చిన చెక్కునకు, నోటీసు ఇచ్చినపిదపను సొమ్ము చెల్లింపనిచో, ఒక సంవత్సరము వఱకు కారాగారమో, చెక్కు మొత్తమునకు రెట్టింపు వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని అందు నిబంధన. 2002 నాటి సవరణ 2003 ఫిబ్రవరి 6వ తేదీనుండి అమలై, కారాగారమును రెండేండ్లవఱకు పెంచి, నోటీసు గడువును 15 దినములనుండి 30 దినములకు పొడిగించి, సాక్ష్యమును ప్రమాణపత్రమూలమున ఇచ్చుటకును, రాజీపడుటకును వీలు కల్పించెను.

మాటతప్పువారు యుక్తులు పన్నకపోలేదు. ఖాతాను మూసివేసి చెక్కు ఇచ్చుట, చెక్కు ఇచ్చి బ్యాంకునకు "ఆపుము" అని వ్రాయుట, సంతకమును మార్చివేయుట, ఇవన్నియు పుట్టినవి. సుప్రీంకోర్టు 1998, 1999, 2012 సంవత్సరములలో చెప్పిన తీర్పులచే ఈ మూడును 138వ సెక్షను పరిధిలోనికే వచ్చినవి. నోటీసు తెచ్చిన తపాలావానిని చూచి దాగికొనువారిని గూర్చి 2007లో అలవి హాజీ కేసున కోర్టు చెప్పినదేమనగా, సరియైన చిరునామాకు రిజిస్టరు తపాలాలో పంపిన నోటీసు చేరినట్లే భావింపవచ్చును. అందలేదనువాడు సమను అందిన 15 దినములలోపల సొమ్ము కట్టి బయటపడవచ్చును.

ఏ ఊరి కోర్టు?

ఈ శాసనచరిత్రమున మనవంటివారికి మిక్కిలి ముఖ్యమైన ఘట్టము, ఫిర్యాదు ఏ ఊరిలో వేయవలయునను వివాదము. ఒక దృష్టాంతమును గైకొందము. గుంటూరు మిరపకాయల వర్తకుడొకడు ఢిల్లీ వర్తకునకు సరకు పంపి, ఢిల్లీ బ్యాంకుపై వ్రాసిన చెక్కును పుచ్చుకొని, గుంటూరులోని తన ఖాతాలో వేసెననుకొందము. ఆ చెక్కు తిరిగివచ్చినది. ఇపుడు అతడు ఏ కోర్టునకు పోవలయును?

1999లో భాస్కరన్ కేసున సుప్రీంకోర్టు, ఈ నేరమునకు ఐదు అంగములు కలవని చెప్పెను. చెక్కు వ్రాయుట, బ్యాంకున దాఖలు చేయుట, అది తిరిగివచ్చుట, నోటీసు ఇచ్చుట, సొమ్ము చెల్లింపకపోవుట, ఈ ఐదింటిలో ఏది యెచట జరిగినను అచటి కోర్టులో ఫిర్యాదు వేయవచ్చును. దీనిచే మన గుంటూరు వర్తకునకు గుంటూరులోనే న్యాయము దొరకెను. కాని ఈ సౌకర్యమును కొందఱు దుర్వినియోగము చేసిరి. బలముగల సంస్థలు తమకు అనువైన దూరపు ఊరినుండి నోటీసులు పంపి, పేదఋణస్థులను దేశము నలుమూలలకు త్రిప్పజొచ్చినవి.

కావున 2014 ఆగస్టు 1వ తేదీన దశరథ్ రూప్‌సింగ్ రాఠోడ్ కేసున త్రిసభ్యధర్మాసనము ఆ సూత్రమును త్రోసిపుచ్చి, చెక్కు ఏ బ్యాంకుపై వ్రాయబడినదో ఆ బ్యాంకు శాఖ యున్న ఊరి కోర్టులోనే ఫిర్యాదు వేయవలయునని తీర్పు చెప్పెను. ఋణస్థునకు ఊరట కలిగినది గాని, సరకు పోయి, సొమ్ము పోయి, ఇపుడు రైలుకూలి కూడ పెట్టుకొని గుంటూరు వర్తకుడు ఢిల్లీ పోవలసివచ్చెను. చిన్న మొత్తములవారు పలువురకు అది అప్పును వదలుకొనుటతో సమానము.

ఈ బాధను గుర్తించి ప్రభుత్వము మరుసటి యేటనే ఆర్డినెన్సు తెచ్చెను. పిదప వెలువడిన 2015 సవరణచట్టము 2015 జూను 15వ తేదీనుండియే అమలులోనికి వచ్చినట్లు భావింపబడినది. దాని ప్రకారము, ఖాతాద్వారా వసూలునకు వేసిన చెక్కు విషయమున, పుచ్చుకొన్నవాని ఖాతా ఏ శాఖలో నున్నదో ఆ శాఖ యున్న ప్రాంతపు కోర్టునకే అధికారము. నోటీసు పంపిన ఊరు లెక్కకు రాదు గనుక దుర్వినియోగము తగ్గినది. ఖాతా యున్న ఊరు లెక్కకు వచ్చును గనుక సొమ్ము పోయినవాడు తన ఊరనే న్యాయము నడుగగలడు. స్మృతికారులు శ్రేణికి ఇచ్చిన స్థానమునకు, 1816 నాటి రెగ్యులేషనుల తలంపునకు, ఈ సవరణకు ఆంతర్యమొక్కటే. బాధితుని గడపకు న్యాయము చేరువగా నుండవలయును.

గడువులే ప్రాణము

కోర్టు చేరువైనను, గడువు తప్పినచో తలుపు మూయబడును. ఈ సంచికను చదువు ప్రతి గృహస్థుడును ఈ లెక్కను జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

చెక్కుపై వేసిన తేదీనుండి మూడు నెలలలోపల దానిని బ్యాంకున వేయవలయును. 2012 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము ఇది ఆఱు నెలలుండెను. చెక్కు తిరిగివచ్చిన సమాచారము అందిన 30 దినములలోపల, చెక్కు మొత్తమును స్పష్టముగా అడుగుచు, వ్రాతమూలమున నోటీసు పంపవలయును. నోటీసు అందిననాటినుండి ఋణస్థునకు 15 దినముల అవకాశము కలదు. ఆ అవకాశము తీరినపిదప ఒక నెలలోపల మొదటితరగతి జుడీషియలు మేజిస్ట్రేటు సమక్షమున ఫిర్యాదు దాఖలు కావలయును.

జనవరి 5వ తేదీన బ్యాంకు చీటి అందెననుకొందము. నోటీసు ఫిబ్రవరి 4వ తేదీ దాటరాదు. మన వర్తకుడు మెలకువతో జనవరి 12వ తేదీననే పంపగా, అది 20వ తేదీన ఋణస్థునకు అందినది. అతని 15 దినములు ఫిబ్రవరి 4వ తేదీతో తీరును. 5వ తేదీన ఫిర్యాదునకు కారణము పుట్టును. మార్చి 5వ తేదీలోపల దాఖలు చేయవలయును. తొందరపడి 15 దినములు తీరకమునుపే వేసిన ఫిర్యాదు చెల్లదని 2014లో సుప్రీంకోర్టు స్పష్టపఱచెను. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కోర్టు మన్నింపవచ్చును గాని, మన్నింపును నమ్ముకొని నిద్రించుట వివేకము గాదు. అసలు చెక్కు, బ్యాంకు చీటి, నోటీసు నకలు, తపాలా రసీదు, సరకు బిల్లు, ఆవర్జాలోని లెక్క, ఈ ఆఱును ఒక్కచోట భద్రపఱచినవానికి సగము కేసు గెలిచినట్లే.

ఇరువైపుల ధర్మము

చెక్కు సంతకము తనదేయని ఒప్పుకొన్నచో, అది అప్పు తీర్చుటకే ఇయ్యబడినదని చట్టము మొదట ఊహించును. 2010లో రంగప్ప కేసున ఈ ఊహ న్యాయమైన ఋణము యొక్క ఉనికికిని వర్తించునని కోర్టు చెప్పెను. 2019లో బీర్‌సింగ్ కేసున, సంతకముచేసి ఖాళీగా ఇచ్చిన చెక్కునకును ఈ ఊహ వర్తించునని స్థిరపఱచెను. ఐతే ఇది త్రోసిపుచ్చరాని ఊహ గాదు. అదే 2019లో బసలింగప్ప కేసున, అప్పిచ్చితిననువానికి అంత సొమ్ము ఇచ్చు శక్తి యున్నదా యని ప్రశ్నించి ముద్దాయి ఆ ఊహను సడలింపవచ్చునని కోర్టు చెప్పినది.

ఈ విషయమున మనము మన మనస్సాక్షినిగూడ ప్రశ్నించుకొనవలయును. చెక్కు చెల్లక నష్టపోయినవారు మనలో ఎందఱు కలరో, ఖాళీచెక్కులపై సంతకములు పెట్టించుకొని చిన్నమొత్తములు అప్పిచ్చువారును కొందఱు కలరు. కూతురి పెండ్లికో, వైద్యమునకో చేయిచాచినవానివద్ద ఖాళీచెక్కు పుచ్చుకొని, అప్పు తీరినపిదపను దానిని తిరిగియీయక, పెద్ద అంకె వ్రాసి కోర్టున వేయుట శాసనమును ఆయుధముగా చేసికొని చేయు దోపిడి. పత్రము చింపవలయునని స్మృతి చెప్పినది ఇట్టివారికొఱకే. అప్పు పుచ్చుకొనువారును, ఖాళీచెక్కు ఇచ్చుట తన చేతితో తన మెడకు ఉరిత్రాడు పేనుకొనుటయని తెలిసికొనవలయును.

రాజీమార్గము

138వ సెక్షను పేరునకు నేరమైనను, దాని హృదయము సొమ్ము రాబట్టుటయే. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దీనిని తోడేలు తోలు కప్పుకొన్న గొఱ్ఱెతో పోల్చినది. పైకి క్రిమినలు, లోపల సివిలు అని భావము. 2019 డిసెంబరు ఆఖరునకు దేశమునందలి 2.31 కోట్ల క్రిమినలు కేసులలో 35.16 లక్షలు చెక్కుల కేసులేయని 2021 ఏప్రిలు నాటి తీర్పునందు కలదు. ఆఱు నెలలలో విచారణ ముగించుటకు యత్నింపవలయునని చట్టము చెప్పుచుండగా ఇన్ని కేసులు పేరుకొనుట విచారకరము. ఈ జాప్యమును తగ్గించుటకే 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి, చెక్కు మొత్తములో 20 శాతము మించకుండ మధ్యంతర పరిహారము ఇప్పించు అధికారమును కోర్టునకు ఇచ్చిరి. ఇది కోర్టు విచక్షణకు లోబడినదే గాని తప్పనిసరి గాదని 2024లో తీర్పు వచ్చినది.

అన్నింటికంటె శీఘ్రమైన మార్గము రాజీ. 2010లో దామోదర్ ప్రభు కేసున సుప్రీంకోర్టు, మొదటి వాయిదాలలోనే రాజీపడినవారికి అదనపు ఖర్చు లేకుండను, ఆలస్యము చేసినకొలది హెచ్చు ఖర్చు పడునట్లును ఒక క్రమమును ఏర్పఱచెను. 2025లో ఆ ఖర్చుల శాతములను తగ్గించిరి గాని సూత్రము నిలిచియున్నది. ముందు దిగివచ్చినవానికి భారము తక్కువ. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద జిల్లాలలోను, మండలములలోను జరుగు లోక్ అదాలతులు ఇందులకు తగిన తావులు. అచట కుదిరిన రాజీ, క్రిమినలు కోర్టునుండి పంపిన చెక్కు కేసైనను, సివిలు కోర్టు డిక్రీతో సమానమై అమలు చేయదగినదని 2011లో గోవిందన్‌కుట్టి మీనన్ కేసున నిర్ణయమైనది. అనగా రాజీపడి మరల మాట తప్పినవాని ఆస్తిపై నేరుగ అమలు కోరవచ్చును. వకీలు ఫీజులు, వాయిదాలు, పగలు పెరుగకమునుపే తగవు తీరును. రేపు మరల అతనితోనే వర్తకము చేయుటకు దారి మిగులును.

మన సంఘము చేయవలసినది

నేడు చెక్కుల స్థానమున చేతిలోని ఫోనుమీదనే సొమ్ము చెల్లించు పద్ధతి వ్యాపించినది. ఐనను నెలనెల వాయిదాలకై బ్యాంకునకు ఎలక్ట్రానికు రూపమున ముందే ఇచ్చు ఉత్తరువు నిలువలేక చెల్లకపోయినచో, 2007 నాటి చెల్లింపువ్యవస్థల చట్టములోని 25వ సెక్షను ఇట్టి శిక్షనే విధించుచున్నది. కాగితము మాసినను మాట మాయదు.

కావున నా విన్నపము మూడు విధములు. మన సంఘమున న్యాయవాదులైన సోదరులు నెలకొకనాడు కూర్చుండి, చెక్కు, నోటు, బ్యాంకు తగవులు కలవారికి ఉచితముగా సలహా ఇయ్యవలయును. ఇరువురు కులబాంధవుల నడుమ చెక్కు తగవు పుట్టినపుడు పెద్దలు నోటీసు గడువు తీరకముందే కూర్చుండబెట్టి రాజీకి యత్నింపవలయును. ఐతే ఆ యత్నము గడువును మ్రింగివేయరాదు. మాటలు సాగుచున్నను నోటీసు పంపుట మానరాదు. నోటీసు పగకు గుర్తు గాదు, జాగ్రత్తకు గుర్తు. మూడవది, మన విద్యార్థివసతిగృహములందు చదువుకొను బాలబాలికలకు బ్యాంకు ఖాతా, చెక్కు, సంతకము వీని బాధ్యతను నేర్పవలయును. అంగడి పద్దులు వ్రాయు స్త్రీలు నేడు పెక్కుమంది కలరు గనుక వారికిని ఈ జ్ఞానము ముఖ్యము.

పూర్వము జిక్రీ చీటిలో ఒక సాహుకారు మఱియొకనికి "నా గౌరవమును నిలుపుము" అని వ్రాసెడివాడు. సంఘమనునది పరస్పరము వ్రాసికొన్న అట్టి చీటియే. మనలో నొకడు వ్రాసిన చెక్కు తిరిగివచ్చిననాడు అతని సంతకముతోపాటు మన యందఱి పేరును తిరిగివచ్చినట్లే యెంచి, వ్రాయుటకు ముందు నిలువను చూచుకొందము. వ్రాసినది చెల్లింతము. చెల్లనిది చేతికి వచ్చినపుడు కోపమును విడిచి, తేదీలను లెక్కించుకొని, మన ఊరి న్యాయస్థానపు మెట్లెక్కుదము.

సభకు జయము. సర్వే జనాః సుఖినో భవంతు.